మనలో మనకి కాగితాలేంటండీ!

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. కాంట్రాక్టు చట్టం 1872లో వచ్చింది. నీళ్లు కాలవల వెంట శివారు ఊళ్ల దాకా ఎప్పుడో చేరాయి. చట్టం మాత్రం నూట యాభై ఏళ్లు దాటినా ఇంకా లాకుల దగ్గరే ఆగి ఉంది. ఎందుకు దిగలేదని విచారిస్తే, కాలవకి అడ్డంగా ఒక వాక్యం పడి ఉందని తేలింది. "మనలో మనకి కాగితాలేంటండీ!"

డెల్టాలో వ్యాపారం పుట్టేది ఈ వాక్యంతోనే. ఆకివీడు వైపు రొయ్యల చెరువు లీజుకు తీసుకున్నా, మండపేటలో మిల్లు పెట్టినా, అంబాజీపేటలో కొబ్బరి కొట్టు తెరిచినా, కడియంలో నలుగురూ కలిసి మొక్కలు పెంచుదామనుకున్నా, ఎవరో ఒక అమాయకుడు "ఓ కాగితం రాసుకుందామా?" అంటాడు. అంతే, అక్కడున్న మొహాలన్నీ మాడిపోతాయి. వడ్డించిన విస్తట్లో విషం ఉందా అని అడిగినట్టు చూస్తారు. "నమ్మకం లేకపోతే మానేద్దాం బావా" అంటాడు అందరికంటే తక్కువ డబ్బు పెట్టినవాడు. ఈ మాట అనేది ఎప్పుడూ అతనే. మీరూ గమనించే ఉంటారు.

పెళ్లి చదివింపుల్లో 516 రూపాయలిస్తే పేరు, ఇంటిపేరు, ఊరు అడిగి మరీ పుస్తకంలో ఎక్కించే జాతి మనది. ఎప్పుడో తాతగారి పెళ్లి నాటి చదివింపుల పుస్తకం కూడా బీరువాలో భద్రంగా ఉంటుంది. పదహారు లక్షలు పెట్టే చెరువుకి మాత్రం నోటిమాట చాలు. లక్షల దగ్గర కాగితం అడిగితే అనుబంధాలు దెబ్బతింటాయి, వందల దగ్గర దెబ్బతినవు. ఇందులో ఏదో లోతైన ఆర్థిక సూత్రం ఉండే ఉంటుంది.

నిజం చెప్పాలంటే, చట్టం కూడా ఈ విషయంలో మనవాళ్ల పక్షమే. 1932 నాటి భాగస్వామ్య చట్టం కాగితం ఉండి తీరాలని ఎక్కడా అనలేదు. లాభాలు పంచుకుందామని ఒప్పుకుని, అందరూ కలిసి గానీ అందరి తరఫున ఒకరు గానీ వ్యాపారం నడిపితే అది భాగస్వామ్యమేనని 4వ సెక్షన్ చెబుతుంది. గట్టు మీద కూర్చుని "సరే బావా" అన్నా చాలు. రిజిస్ట్రేషన్ కూడా మీ ఇష్టమే అంది. ఇంత మర్యాద చూస్తే ఆ చట్టాన్ని మనవాళ్లే ఎవరో రాజోలు అరుగు మీద కూర్చుని రాశారేమోనని నాకు అనుమానం.

అనుమానం 69వ సెక్షన్ దగ్గర తీరిపోతుంది. రిజిస్టర్ చేయని సంస్థ, తనకు బాకీ ఉన్న బయటివాడి మీద ఒప్పందం ప్రకారం దావా వేయలేదు. బయటివాడు మాత్రం నిక్షేపంగా ఈ సంస్థ మీద వేసుకోవచ్చు. అంటే మేత కొట్టాయన మిమ్మల్ని కోర్టుకు లాగుతాడు. మీ రొయ్య పట్టుకెళ్లి డబ్బు ఎగ్గొట్టినవాణ్ని లాగుదామంటే ముందు మీ సంస్థ రిజిస్ట్రేషన్ చూపించమంటారు. అంత కఠినంగా రాసినవాళ్లకీ చివర్లో జాలి కలిగింది. వంద రూపాయలు మించని చిన్న దావాలకు ఈ అడ్డు ఉండదని ఒక మినహాయింపు పెట్టారు. 1932 నాటి వంద రూపాయలు లెండి. ఇవాళ ఇద్దరు పెసరట్టు, ఉప్మా తిని కాఫీ తాగితే ఆ మినహాయింపు అక్కడికక్కడే అరిగిపోతుంది.

ఇంకో మాట. మీరు ఏమీ రాసుకోకపోతే చట్టం ఊరుకోదు, మీ తరఫున అదే రాసేస్తుంది. లాభనష్టాల్లో అందరికీ సమాన వాటా అంటుంది 13వ సెక్షన్. పదిహేను లక్షలు పెట్టినాయనా, "నా పలుకుబడి పెడుతున్నాగా" అన్నాయనా సమానమే. కాదు, మా మధ్య అనుకున్నది పావలా వాటా అంటే ఆ అనుకున్నదేదో రుజువు చేయాలి. సాక్షి ఎవరు? ఆ రోజు కొట్టిన కొబ్బరికాయ.

ఇక లెక్కల రాత్రి. గోదావరి జిల్లాల్లో చూసి తీరాల్సినవాటిలో పాపికొండల తర్వాత దీన్నే చెబుతాను. చెరువులో రొయ్యల పట్టుబడి అయిపోయింది, ఐసు లారీ వెళ్లిపోయింది. చెరువు మకాం ముందు లైటు కింద మంచాలు వేశారు. వాటాదారులందరూ వచ్చారు. కువైట్‌లో ఉన్న బావమరిది వీడియో కాల్‌లో ఉన్నాడు, అతన్ని సోడా సీసాకి ఆనించి నిలబెట్టారు. లెక్క రాయడానికి పోయిన ఏడాది క్యాలెండర్‌లో ఒక నెల చింపారు. పెన్ను ఎవరి దగ్గరా లేదు. పావుగంట తర్వాత ఎవరో పిల్లాడి స్కెచ్ పెన్ను తెచ్చారు, ఆకుపచ్చది.

"మేత ఎంతయింది బాబాయ్?"

"అయిందిరా, అవదేంటి మరి!"

"అదే, ఎంత?"

"కొట్టు దగ్గర ఉంది లెక్క. మనకి తెలీనిదేముంది."

"డీజిల్?"

"కరెంటు పోయినప్పుడల్లా పోశాం."

"ఏరియేటర్లు రెండు బాగు చేయించాం కదా, అవి?"

"అవి నేనిచ్చాను, వదిలేయండి" అంటాడు మాస్టారు, ఉదారంగా. చెరువు నీటికి గాలి అందించే ఈ ఏరియేటర్లు వచ్చే మూడేళ్లలో ప్రతి గొడవలోనూ పేరు పేరునా వస్తాయి. అప్పటికి రెండు కాస్తా నాలుగవుతాయి.

సోడా సీసా దగ్గర నుంచి కువైట్ గొంతు లేస్తుంది. "మొన్న ఫోన్‌లో నలభై కౌంట్ అన్నారు కదా బావా, పట్టుబడికి అరవై ఎలా అయింది?" కౌంటంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్నది. నీళ్లలో ఉన్నప్పుడు కిలోకి నలభై తూగిన రొయ్యలు గట్టెక్కాక అరవై ఎలా తూగుతాయన్నది ఆయన ప్రశ్న. అంటే రొయ్య రోజురోజుకీ చిన్నదవుతోందన్నమాట. జీవశాస్త్రానికి ఇదొక కొత్త అధ్యాయం. మకాం ముందు నిశ్శబ్దం. తర్వాత ముగ్గురు ఒకేసారి, "హలో? హలో? నెట్ సరిగ్గా లేదు బావా, మళ్లీ చేస్తాం" అంటారు. సోడా సీసాని బోర్లా పడుకోబెడతారు. నెట్ శుభ్రంగానే ఉంది. ఇంతకుముందే అందులో క్రికెట్ చూశారు.

ప్రతి భాగస్వామీ మిగతావాళ్లకి నిజమైన లెక్క చెప్పాలని 9వ సెక్షన్‌లో ఉంది. లెక్కల పుస్తకాలు ఎప్పుడైనా తెరిచి చూసుకునే హక్కు 12వ సెక్షన్‌లో ఉంది. పుస్తకం ఎక్కడుంటుందన్నది పార్లమెంటుకి కూడా తెలీదు.

ఆ మేత సంగతి అంత త్వరగా వదలకూడదు. కొట్టు ఎవరిది? బాబాయి అల్లుడిది. బస్తాకి ఇంతని వచ్చే డిస్కౌంటు చెరువు లెక్కలోకి రాలేదు, బాబాయి కొత్త బండిలోకి వచ్చింది. సంస్థ వ్యవహారంలో వచ్చిన సొంత లాభం సంస్థకే అప్పగించాలని 16వ సెక్షన్ అంటుంది. బాబాయి దగ్గర అనకండి, నొచ్చుకుంటాడు. 18వ సెక్షన్ ప్రకారం ప్రతి భాగస్వామీ సంస్థకు ఏజెంటు కూడా. అంటే బాబాయి అరువు తెచ్చిన ప్రతి బస్తా మాస్టారు కూడా తెచ్చినట్టే. 25వ సెక్షన్ ప్రకారం ఆ అప్పు అందరిదీ, అదే సమయంలో ఒక్కొక్కరిదీ పూర్తిగా. అందుకే చెరువు తెల్లమచ్చ రోగంతో పోయిన ఏడాది కొట్టాయన అందరి ఇళ్లకీ వెళ్లలేదు. పెన్షనూ డాబా ఇల్లూ ఉన్న మాస్టారింటికే తిన్నగా వెళ్లాడు. మాస్టారు ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పారు. భాగహారం ఇలా కూడా ఉంటుందని ఆయన సిలబస్‌లో లేదు.

ఇక రొయ్య కొనడానికి వచ్చే ఏజెంటు. వచ్చేటప్పుడు ఆయనే కంపెనీ. రేటు ఆయనే చెబుతాడు, కౌంటు ఆయనే వేస్తాడు, మెత్తబడిందని కోత ఆయనే కోస్తాడు. డబ్బు అడిగిన రోజు ఒక్కసారిగా కుంచించుకుపోయి, "నాదేముందండీ, నేను ఏజెంటుని, కంపెనీ వాళ్లు ఇంకా వేయలేదు" అంటాడు. ఏ కంపెనీ? "మన కంపెనీయేనండి." పేరు? "పై నుంచి రావాలండి." ఏజెంటు తన యజమాని కోసం చేసిన ఒప్పందానికి సొంతంగా బాధ్యుడు కాడన్నది నిజమే, కాంట్రాక్టు చట్టం 230వ సెక్షన్ ఆ మాటే చెప్పింది. అయితే అదే సెక్షన్ కింద, యజమాని పేరు బయటపెట్టని ఏజెంటు, లేదనే ఒప్పందం రుజువైతే తప్ప, తానే బాధ్యుడని కూడా ఉంది. ఈ రెండో సగం డెల్టాలో ఏ ఏజెంటు ముందూ ఎవరూ చదవలేదు. చదివితే ఆయన మొహం ఏ కౌంటుకి వస్తుందో చూడాలని నాకు భలే కోరిక.

ప్రారంభోత్సవం ఫ్లెక్సీ మీద "మా భాగస్వాములు" అన్న మాట పక్కన దండేసుకుని నిలబడే పెద్దాయన సంగతి ఒక్క ముక్కలో చెప్పేస్తాను. రూపాయి పెట్టడు, లాభం తీసుకోడు, అలా పిలిపించుకోవడం ఆయనకి సరదా. ఆ ఫ్లెక్సీ చూసి, ఆయన్ని నమ్మి అరువిచ్చినవాడికి ఆయన భాగస్వామ్య చట్టం 28వ సెక్షన్ కింద భాగస్వామిలాగే బాధ్యుడు. వాటా వదిలేశానని చెప్పుకునేవాళ్లు ఇంకో రకం. చట్టం ప్రకారం బయటికొచ్చిన సంగతి గెజిట్‌లోనూ, ఆ జిల్లాలో నడిచే ఒక తెలుగు పత్రికలోనూ వేయించాలి. సంస్థ రిజిస్టరై ఉంటే రిజిస్ట్రారుకీ తెలపాలి. మనవాళ్లు వాట్సాప్ గ్రూపు నుంచి లెఫ్ట్ అవుతారు. అప్పులవాడు ఆ గ్రూపులో లేడు కదా స్వామీ!

పన్ను బాధ తప్పుతుందని ఇంటర్ చదివే కొడుకు పేర వాటా పెట్టినవాళ్లూ ఉన్నారు. మైనరు భాగస్వామి కాలేడు, మిగతావాళ్లు ఒప్పుకుంటే లాభాలు మాత్రం పొందగలడు. మేజరయ్యాక ఆరు నెలల్లోగా, లేదా తనకు వాటా ఉందని ఆ తర్వాత తెలిస్తే తెలిసిన ఆరు నెలల్లోగా, ఉంటాడో మానుకుంటాడో బహిరంగంగా చెప్పాలి. చెప్పకపోతే పూర్తి భాగస్వామి, చేరిననాటి నుంచి ఉన్న అప్పులతో సహా. కాలేజీ హాస్టల్లో పడుకున్న కుర్రాడు లేచేసరికి చెరువు అప్పు పక్కన పడుకుని ఉంటుంది. నాన్న ప్రేమ.

నవ్వుకునేవి ఇక్కడితో అయిపోయాయి.

చెరువు దగ్గర రాత్రుళ్లు కాపలా ఉండి, అప్పు చేసి వాటా డబ్బు కట్టిన మనిషి ఒకరోజు పోతాడు. గుండెపోటో, గట్టు మీద కరెంటు షాకో. పన్నెండో రోజు భోజనాలు అయిపోతాయి. ఆయన భార్య, మాట పెగలక పెగలక, "అన్నయ్యగారూ, మా వాటా సంగతి" అంటుంది. అప్పుడు వస్తుంది, డెల్టాలో అంతకుముందెప్పుడూ వినపడని మాట. "కాగితం ఏదమ్మా?"

ఆ నోరు ఎవరిది? "మనలో మనకి కాగితాలేంటి" అని ఆయన చేత కాగితం రాయించనివ్వని నోరే! బతికున్నప్పుడు కాగితం అడిగితే పాపం, చచ్చాక కాగితం లేకపోతే ఆవిడది నేరం. నమ్మకం నమ్మకం అని ఏడాదంతా ఊదరగొట్టినవాళ్లకి శవం లేచేసరికి నమ్మకం కూడా లేచిపోయిందా? పైగా "ఆయన వాటా నష్టంలోకి పోయిందమ్మా, నిన్ను అడగట్లేదు, మాదే దయ" అంటారు. దయట! సిగ్గులేని మాటకి ఇంకో పేరు.

ఆవిడకి ఎవరూ చెప్పని సంగతులు చెబుతాను. వేరే ఒప్పందం లేకపోతే భాగస్వామి మరణంతో ఆ సంస్థ రద్దవుతుంది, 42వ సెక్షన్. రిజిస్ట్రేషన్ లేకపోయినా రద్దయిన సంస్థ లెక్కలు తేల్చమని దావా వేయవచ్చు. 69వ సెక్షనే ఆ తలుపు తెరిచి ఉంచింది. భాగస్వామ్యం ఉందా లేదా అన్నది అసలు సంగతులన్నీ కలిపి చూసి తేల్చాలని 6వ సెక్షన్ చెప్పింది. ఆయన ఫోన్‌లో ఉన్న డబ్బు పంపిన మెసేజ్‌లు, లీజు కాగితం మీద సంతకం, పట్టుబడి రోజు ఫొటోలు, మేత కొట్టు పుస్తకంలో ఆయన పేరు, ఇవన్నీ సాక్ష్యాలే. లెక్క తేల్చకుండా ఆయన డబ్బుతోనే చెరువు నడుపుకుంటే, ఆ డబ్బు వల్ల వచ్చిన లాభంలో వాటా గానీ, ఏడాదికి నూటికి ఆరు వడ్డీ గానీ, ఏది కావాలో ఆవిడే ఎంచుకోవచ్చు, 37వ సెక్షన్. ఆయన పోయాక మిగతావాళ్లు తెచ్చిన మేత అప్పుకి ఆయన ఆస్తి బాధ్యత లేదు, 35, 45 సెక్షన్లు. కొట్టాయన గుమ్మంలోకి వస్తే తారీఖు అడగండి.

ఇంతా చెప్పి ఒక గడువు కూడా ఉందని చెప్పకపోతే మోసం. లెక్కల దావాకి సంస్థ రద్దయిన రోజు నుంచి మూడేళ్లే, 1963 నాటి కాలపరిమితి చట్టంలో 5వ ఆర్టికల్. పెద్దమనుషులు మాత్రం "కార్తీకం వెళ్లనీ అమ్మా", "సంక్రాంతి వెళ్లనీ", "ఈ పట్టుబడి తేలనీ" అంటూ ఎంతో గౌరవంగా తిప్పుతారు. ఆ గౌరవం మూడేళ్లు దాటేదాకా చాలా నిలకడగా ఉంటుంది. కాబట్టి అమ్మా, ఇది చదువుతుంటే ఆయన పోయిన తేదీ ఒక కాగితం మీద రాసుకోండి. ఆయన ఫోన్ రీసెట్ చేయించకండి, సిమ్ తీసేయకండి, ఎవరు అడిగినా ఇవ్వకండి. భీమవరంలోనో అమలాపురంలోనో సివిల్ కేసులు చూసే వకీలు దగ్గరికి ఈ వారమే వెళ్లండి. ఫీజు కట్టలేకపోతే కోర్టు ఆవరణలోనే న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది. ఆడవాళ్లకి అక్కడ ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా న్యాయ సహాయం ఇవ్వాలని 1987 నాటి చట్టం ఉంది. వెళ్లేటప్పుడు "అన్నయ్యగారి"తో చెప్పి వెళ్లనక్కర్లేదు.