తల్లి రాని తీరం

ఏప్రిల్ చివర్లో ఒక తెల్లవారుజాము. ఒడిశాలోని గంజాం జిల్లాలో ఋషికుల్య నది సముద్రంలో కలిసేచోట నిలబడి ఉన్నాం. ఇంకా చీకటిగానే ఉంది. కాళ్ల దగ్గర ఇసుక కదిలినట్టు అనిపించి టార్చి వేయబోతే పక్కనున్న ముసలమ్మ గబుక్కున నా చెయ్యి పట్టుకుంది. "లైటెయ్యకు బాబూ, లైటేపు వచ్చేత్తాయి" అంది.

కాసేపటికి కళ్లు చీకటికి అలవాటు పడ్డాయి. ఇసుకలోంచి బొటనవేలి కొనంత తల ఒకటి పైకొచ్చింది. దాని వెనక మరొకటి, ఇంకొకటి. చూస్తుండగానే పాలు పొంగినట్టు ఆ గుంటంతా తాబేలు పిల్లలే. వాటిలో కొన్ని సముద్రం వైపు కాకుండా దూరంగా రోడ్డు మీద వెలుగుతున్న దీపాల వైపు తిరిగాయి. అటు పోకుండా ముందే కర్రలు పాతి పాత వలలు కట్టి ఉంచారు. చేపలు పట్టడానికి ఇక పనికిరావని పక్కన పడేసిన వలలే అవి. వాటికి తగులుకున్న పిల్లల్ని ఆవిడ ఒక్కొక్కటిగా విడదీసి ప్లాస్టిక్ బకెట్‌లో వేసుకుని, అలల అంచున తడి ఇసుక మీద వదులుతోంది. నేరుగా నీళ్లలో వేయొచ్చు కదా అని అడిగాను. "వద్దు, నడిసే ఎల్లాల" అంది. నాతో తెలుగు, పక్కనున్న కుర్రాళ్లతో ఒడియా.

ఆవిడ సొంతూరు పోడంపేట. సముద్రం కోసేస్తుంటే ఊరు ఊరంతా లేచి వేరేచోటికి వెళ్లాల్సి వచ్చింది. తన ఇంటిని మింగిన సముద్రంలోకే ఆవిడ ఆ పిల్లల్ని జాగ్రత్తగా సాగనంపుతోంది.

ఆలివ్ రిడ్లీ తాబేలు ఎక్కువగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో రాత్రిపూట ఇక్కడ ఒడ్డుకొస్తుంది. వెనక కాళ్లతో కూజా ఆకారంలో గుంట తవ్వి, వందకు అటూ ఇటుగా గుడ్లు పెట్టి, ఇసుక కప్పి, ఒళ్లంతా అటూ ఇటూ ఊపుతూ దాన్ని గట్టిపరుస్తుంది. గంటకల్లా పని ముగించుకుని వెళ్లిపోతుంది. ఆ గుడ్ల కోసం మళ్లీ రాదు. 2025లో ఈ ఒక్క తీరంలోనే ఆరు లక్షలకు పైగా తాబేళ్లు గుడ్లు పెట్టాయి. గుడ్లు పెట్టేటప్పుడు వాటి కళ్లలోంచి నీళ్లు కారుతాయి. బిడ్డల్ని వదిలిపోతున్నానని ఏడుస్తోంది పాపం, అంటారు చూసినవాళ్లు. ఒంట్లో ఎక్కువైన ఉప్పును కళ్ల దగ్గరి గ్రంథులు బయటికి పంపడం తప్ప అందులో దుఃఖం ఏమీ లేదు.

మన పెద్దలు ఒక మాట చెప్పేవారు. పక్షి తాకి పిల్లల్ని చేస్తుంది, చేప చూపుతో, తాబేలు తలపుతో అని. గురువు శిష్యుణ్ణి ఎలా కనిపెట్టుకుంటాడో చెప్పడానికి వాడిన పోలిక అది. గట్టు మీది గుడ్లను నీళ్లలో ఉన్న తల్లి తలచుకుంటుందట, ఆ తలపుకే అవి పిల్లలవుతాయట. నిజానికి వాటిని పొదిగేది ఇసుక వేడి. పుట్టేది ఆడో మగో తేల్చేది కూడా ఆ వేడే. అయినా ఋషికుల్య ఒడ్డున నిలబడినప్పుడు ఆ పాత మాటను కొట్టిపారేయబుద్ధి కాలేదు. అక్కడ వాటిని తలచుకునేవాళ్లు ఉన్నారు. తల్లి ఒక్కటే లేదు.

షరతుల్లేని ప్రేమ జంతువుల దగ్గర నేర్చుకోవాలని తరచూ అంటుంటాం. చనిపోయిన యజమాని కోసం ఎదురుచూసే కుక్క వీడియో ఫోన్‌లో రాగానే కళ్లు తుడుచుకుని పదిమందికి పంపిస్తాం. ఆ ప్రేమ అబద్ధమని నేను అనను. బరంపురంలో మా వీధిలో ఒక ఎర్రకుక్క ఉండేది. నానమ్మ రోజూ తన చివరి ముద్ద దానికి తీసి అరుగు కింద పెట్టేది. ఆవిడ పోయిన తర్వాత ఆ పన్నెండు రోజుల హడావుడిలో మాకెవరికీ అది గుర్తే లేదు. పిండం పెట్టి, కాకి ఎప్పుడు ముడుతుందా అని గంటసేపు ఆకాశం వైపు చూశాం. అరుగు కింద కూర్చున్న కుక్కకి మాత్రం పిడికెడు మెతుకులు విదల్చలేదు. అయినా గేటు చప్పుడైన ప్రతిసారీ లేచి తోక ఊపేది. ఏళ్లు గడిచినా ఆ సంగతి తలుచుకుంటే మనసు కలుక్కుమంటుంది.

ఆ కుక్క ప్రేమకు షరతు లేదు, నిజమే. కానీ దాన్ని చూసి మేమేం నేర్చుకున్నాం? ఏమీ లేదు. మనల్ని ప్రేమించే జంతువును చూసి మురిసిపోవడం ఎవరికైనా తేలికే. మనమెవరో తెలియని, తిరిగి ఏమీ ఇవ్వలేని ప్రాణి ఎదురైనప్పుడు ఏం చేస్తామన్నదే నాకు అసలు ప్రశ్న. ఆ ముసలమ్మ బకెట్‌లోని పిల్లలకు ఆవిడ ముఖం గుర్తుండదు.

2011లో షికాగో విశ్వవిద్యాలయం పరిశోధకులు ఎలుకలతో ఒక ప్రయోగం చేశారు. ఒక ఎలుకను ఇరుకైన గొట్టంలో బంధించి, దానితో కలిసి ఉండే ఎలుకను బయట వదిలారు. బయటి ఎలుక కొన్ని రోజులు తంటాలు పడి గొట్టం తలుపు తీయడం నేర్చుకుంది. ప్రతిఫలం ఏమీ లేకపోయినా తోటి ఎలుకను విడిపించింది. పక్కనే మరో గొట్టంలో చాక్లెట్ ముక్కలు పెట్టినా రెండు తలుపులూ తీసింది, చాలాసార్లు చాక్లెట్‌లో తోటిదానికి వాటా మిగిల్చింది. ఈ సంగతి చాలామంది రాశారు. ఆ తర్వాత 2014లో వచ్చిన ఫలితం నన్ను ఇంకా ఎక్కువగా ఆలోచింపజేసింది. తెల్ల ఎలుకలు ముఖపరిచయం లేని తెల్ల ఎలుకలనూ విడిపించాయి. నల్లమచ్చల జాతి ఎలుకను మాత్రం పట్టించుకోలేదు. అయితే ఆ జాతి ఎలుక ఒకదానితో కొన్నాళ్లు కలిసి ఉన్నాక, అదే జాతికి చెందిన కొత్త ఎలుకలనూ విడిపించాయి. ఇంకా విచిత్రం, పుట్టినప్పటి నుంచి నల్లమచ్చల ఎలుకల మధ్యే పెరిగిన తెల్ల ఎలుక వాటికి సాయం చేసింది, తన సొంత జాతిని పరాయిదానిలా వదిలేసింది.

అంటే జాలి రక్తంలోంచి రాదు, పక్కపక్కన బతకడంలోంచి వస్తుంది. 2015లో జపాన్ పరిశోధకులు చూపింది కూడా దీనికి దగ్గరగానే ఉంది. కుక్కా దాని యజమానీ కళ్లలోకి కళ్లు పెట్టి చూసుకుంటే ఇద్దరి ఒంట్లోనూ ఆక్సిటోసిన్ పెరిగింది. తల్లీబిడ్డల మధ్య పనిచేసే హార్మోనే అది. మనుషులు చేతుల్లో పెంచిన తోడేళ్లలో అది కనపడలేదు. వేల ఏళ్ల సావాసం కుక్కది.

ఒక ఇంట్లో ఒడియా, పక్కింట్లో తెలుగు, సంతలో రెండూ కలిపి మాట్లాడుకునే గంజాంలో పెరిగినవాళ్లకి ఇది వింతగా అనిపించదు. ఈ జిల్లాలోనే భేత్నోయి, బాలిపదర్ ప్రాంతం ఉంది. అక్కడి పొలాల్లో కృష్ణజింకలు మేకల్లా తిరుగుతుంటాయి. మన ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు కూడా ఇదే. అయినా దానితో ఇంత దగ్గరగా బతుకుతున్న పల్లెలు మన వైపు నేను చూడలేదు. పూర్వం పెద్ద కరువొచ్చినప్పుడు ఈ జింకలు కనపడ్డాకే వాన పడిందని అక్కడి నమ్మకం. అందుకే చేలో దిగి పెసర మేస్తున్నా కొట్టరు, వేటగాణ్ణి ఊళ్లోకి రానివ్వరు. 2011లో జిల్లాలో రెండు వేల పైచిలుకు ఉన్న జింకలు 2023 లెక్కల నాటికి ఏడు వేలు దాటాయి. చుట్టూ కంచె లేదు, అది అభయారణ్యమూ కాదు. అవి మేసేది రైతుల సొంత పొలాల్లోనే.

ఋషికుల్య ఒడ్డునే పైకి వెళ్తే జౌగడ వస్తుంది. అక్కడి బండ మీద అశోకుడు చెక్కించిన శాసనాలు ఇప్పటికీ ఉన్నాయి. కళింగ యుద్ధం చేసిన చక్రవర్తి ఆ కళింగ నేల మీదే మనుషులకూ పశువులకూ వైద్యం ఏర్పాటు చేశానని రాయించాడు. మొదటి శాసనంలో నాకు బాగా నచ్చే మాట ఒకటి ఉంది. ఒకప్పుడు తన వంటశాలలో రోజూ లక్షల ప్రాణులను చంపేవారని, ఇప్పుడు రెండు నెమళ్లు, ఒక జింక, మూడే చంపుతున్నారని, జింకను కూడా రోజూ కాదని, ఇకముందు ఆ మూడూ చంపరని చెప్పుకున్నాడు. మానేశానని గొప్పకు రాయించుకోలేదు. ఇంకా మిగిలిన మూడింటినీ లెక్క చెప్పాడు.

మనం కూడా లెక్క చెప్పుకోవాలి. నవంబర్ 1 నుంచి మే 31 వరకు, ఏడు నెలలపాటు, ఋషికుల్య ముఖద్వారం దగ్గర తీరం నుంచి 20 కిలోమీటర్ల దాకా చేపల వేటపై నిషేధం ఉంటుంది. తాబేలు గాలి పీల్చే ప్రాణి, ట్రాలర్ వలలో చిక్కి పైకి రాలేకపోతే ఊపిరాడక చనిపోతుంది కాబట్టి ఆ నిషేధం ఉండాల్సిందే. ప్రభుత్వం ఏటా కొంత సాయం ఇస్తున్నా, ఏడు నెలల వేటకు అది సరితూగదు. వేట ఆగిపోయే ఇళ్లు ఆ తీరపు పల్లెలవి. జింక మేసిన చేను చిన్న రైతుది. తాబేళ్లను చూడ్డానికి కార్లో వెళ్లి, ఫ్లాష్ వేసి రీల్స్ తీసుకుని వచ్చే మా పట్నంవాళ్లకి దీనివల్ల పైసా నష్టం లేదు. జాలి కళ్లకెక్కినంత తొందరగా ఖర్చు మనదాకా రావడం లేదు. పంట నష్టం డబ్బు తర్వాతి విత్తనాల వేళకు రైతు చేతికి అందాలి. వలలో పడ్డ తాబేలు తప్పించుకుపోయే టెడ్ పరికరం లేని ట్రాలర్‌ను రేవు దాటనివ్వకూడదు. తీరం వెంట హోటళ్లు, ఫ్యాక్టరీలు ఆ నాలుగైదు వారాలు దీపాలు తగ్గించుకోవాలి. వీధికుక్కలకు బిస్కెట్ వేసే చెయ్యే వాటిని పట్టించి ఆపరేషన్, రేబిస్ టీకా చేయించేదాకా వెంట ఉండాలి. 2025 ఆగస్టులో వీధికుక్కల మీద సుప్రీంకోర్టులో అంత గొడవ జరిగింది ఆ పని ఏళ్ల తరబడి సరిగా జరగకే. నానమ్మ కుక్కకు మేం టీకా కూడా వేయించలేదు.

ఆ రోజు తెల్లారేసరికి కాకులు వచ్చేశాయి. కుర్రాళ్లు కర్రలు పట్టుకుని వాటిని తరుముతున్నారు. వెయ్యి పిల్లల్లో ఒక్కటి పెరిగి పెద్దదైతే గొప్ప అంటారు. ఆ లెక్క ఆవిడకు నాకంటే బాగా తెలుసు. ఖాళీ అయిన బకెట్‌ను పక్కకు వంచి, లోపల చెయ్యి పెట్టి అడుగంతా తడిమి చూసింది. ఒకటి మిగిలిపోయింది. దాన్ని అరచేతిలోకి తీసుకుని, అంటుకున్న ఇసుకను వేలి కొసతో తుడిచి తడి ఇసుక మీద పెట్టింది. "ఎల్లమ్మా, ఎల్లు" అంది. అది రెండడుగులు వేసి ఆగింది. అల వచ్చి తీసుకుపోయేదాకా ఆవిడ అక్కడే వంగి నిలబడింది. తర్వాత బకెట్ కడుక్కుని మళ్లీ వలల దగ్గరకు నడిచింది.