బారీ బర్న్ వాగు గారికి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ బారీ బర్న్ వాగు గారికి,
కార్నూస్టీ గోల్ఫ్ కోర్సు, 18వ గ్రీన్ ఎదురుగా, స్కాట్లాండ్.

నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. మీరూ క్షేమంగానే ఉంటారు, ఆ విషయంలో నాకు అనుమానం లేదు. మీ ఒడ్డున నిలబడి కర్ర ఎత్తినవాళ్ల క్షేమం గురించే నా బెంగంతా.

1999 జులై 18, ఆదివారం సాయంత్రం మీరు చేసిన ఘనకార్యం గురించి ఇంత ఆలస్యంగా రాస్తున్నందుకు కారణం ఉంది. ఇన్నేళ్లయినా ఆ రోజు గురించి ఎవరు మాట్లాడినా ఒక్క మనిషినే తిడుతున్నారు. జాన్ వాన్ డి వెల్డ్ అనే ఫ్రెంచి వాడికి బుర్ర లేదని, చేతికందిన బ్రిటిష్ ఓపెన్ గోల్ఫ్ కప్పుని నీళ్లపాలు చేసుకున్నాడని. నీళ్లపాలు చేసుకున్నాడు సరే, ఆ నీళ్లెవరివి? కేసులో మీ పేరు సాక్షిగా కూడా లేదు. మీకు రావలసిన తిట్లు మీకు అందాలన్నదే నా ఉద్దేశం.

మిమ్మల్ని మొదటిసారి చూసినవాళ్లకు మీరు ప్రమాదకారి అనిపించరు. రెండు వైపులా రాతిగోడ, మధ్యలో బద్ధకంగా పారే కాసిని నీళ్లు. వరద లేదు, సుడిగుండం లేదు. 17వ హోల్ (బంతి వేయాల్సిన గుంత) దగ్గర ఒక మెలిక, 18వ హోల్ దగ్గర ఇంకో మెలిక తిరిగి, మీ దారిన మీరు ఉత్తర సముద్రంలో కలిసిపోతారు. నాకైతే మిమ్మల్ని చూస్తే మా ఊళ్లో ఒకప్పటి రిజిస్ట్రార్ ఆఫీసు గుమాస్తా గుర్తొస్తాడు. ఆయన ఎవర్నీ నోరు తెరిచి అడిగిన పాపాన పోలేదు. కుర్చీలోంచి కదిలేవాడు కాదు. జనమే వెతుక్కుంటూ వచ్చి చేతిలో పెట్టి పోయేవారు. మీదీ అదే పద్ధతి. మీరు ఎవరి బంతీ లాక్కోరు. వాళ్లే తెచ్చి వేస్తారు, మీరు మునగనిస్తారు.

ఆ వారమంతా మీ ఊరు చేసిన మర్యాదలు కూడా చెప్పుకోవాలి. బంతి పడాల్సిన ఫెయిర్‌వేలను దారపు పోగుల్లా సన్నగా చెక్కి, పక్కన గడ్డిని మోకాళ్లెత్తు పెంచి, పైన గాలిని వదిలారు. ప్రపంచంలోని మేటి ఆటగాళ్లు బంతి కోసం గడ్డిలో వంగి దేవులాడుతుంటే చూసే భాగ్యం కలిగింది. గోల్ఫ్‌లో తక్కువ దెబ్బలు కొట్టినవాడే ముందు. మొదటి రోజు 71 కొట్టి అందరికంటే ముందు నిలిచిన ఆస్ట్రేలియా ఆటగాడు రాడ్ పాంప్లింగ్, రెండో రోజు 86 కొట్టి ఇంటికెళ్లిపోయాడు. గురువారం లీడరు, శుక్రవారం ప్రయాణికుడు. స్పెయిన్ నుంచి వచ్చిన పందొమ్మిదేళ్ల సెర్జియో గార్సియా 89, 83 కొట్టి వాళ్లమ్మ భుజం మీద ఏడ్చాడు. ఈ పిల్లాణ్ని గుర్తుపెట్టుకోండి. మీరు గుర్తుపెట్టుకునే ఉంటారు లెండి, తర్వాత మళ్లీ పిలిపించుకున్నారుగా.

ఇంత గందరగోళంలో ఆదివారం పొద్దున అయిదు షాట్ల ఆధిక్యంతో నిలబడింది ఎవరయ్యా అంటే, ప్రపంచ ర్యాంకింగ్‌లో 152వ స్థానంలో ఉన్న వాన్ డి వెల్డ్. అంతకు ఆరేళ్ల ముందు రోమ్‌లో ఒక టోర్నీ గెలిచాడు, చెప్పుకోవడానికి అదే. ఫ్రాన్స్ నుంచి ఈ కప్పు గెలిచినవాడు ఒక్కడే, అతను గెలిచింది 1907లో. ఆదివారం ఆట సాగేకొద్దీ ఆధిక్యం తరిగినా, చివరి హోల్‌కి వచ్చేసరికి ఇంకా మూడు షాట్లు మిగిలాయి.

గోల్ఫ్ తెలియని మా వాళ్ల కోసం ఒక్కమాట. 18వ హోల్ పార్ 4, అంటే నాలుగు దెబ్బల్లో బంతిని గుంతలో వేయాలి. అతనికి ఆరు దెబ్బలు చాలు. ఆరు! రెండు దెబ్బలు వృథా చేసుకున్నా కప్పు అతనిదే. అతను కొట్టినవి ఏడు. ఆ ఏడింటిలో మీ వాటా ఎంతో లెక్క తేలుద్దాం.

మొదటి దెబ్బ డ్రైవర్‌తో, అంటే బంతిని చాలా దూరం కొట్టే పెద్ద కర్రతో. అంత ఆధిక్యం ఉన్నవాడు చిన్న ఐరన్ కర్రతో మెల్లగా కొట్టుకోక డ్రైవర్ ఎందుకు తీశాడని టీవీ ముందు కూర్చున్నవాళ్లంతా తలలు పట్టుకున్నారు. బంతి కుడికి బాగా ఎగిరిపోయి, మీ మెలికను దాటి, 17వ హోల్ వైపు పొడి నేల మీద పడింది. మీకు చిక్కలేదు. అప్పుడు మీ మొహం చూడాల్సింది.

రెండో దెబ్బకి టూ ఐరన్ తీశాడు. వెనక్కో పక్కకో చిన్నగా కొట్టుకుని, తర్వాత మిమ్మల్ని దాటుకుంటే పోయేది. నేరుగా గుంత ఉండే గ్రీన్ మీదికే కొట్టాడు. ఇక్కడినుంచే అసలు కథ. బంతి మిమ్మల్ని సుఖంగా దాటేసింది. గ్రీన్‌కి కుడిపక్కన ప్రేక్షకుల స్టాండు ఉంది. ఆ స్టాండులో జనం మధ్య పడి ఉంటే పెనాల్టీ లేకుండా బయట పెట్టుకుని ఆడనిచ్చేవారు. అలా జరగలేదు. బంతి వెళ్లి స్టాండు ఇనుప కడ్డీకి తగిలింది, అక్కడినుంచి వెనక్కి తిరిగి మీ గోడ రాతి మీద పడింది, రాతి మీంచి ఎగిరి మళ్లీ మీకు ఇవతలి ఒడ్డున గడ్డిలో దూరింది. కడ్డీ సన్నం, గోడ సన్నం. ఆ రెంటినీ వరసగా కొట్టమని ఎవరికైనా వంద బంతులు ఇవ్వండి, కొట్టగలరేమో చూద్దాం. దాటిపోయిన బంతిని వెనక్కి పిలిపించుకున్నారు మీరు. చేసిందంతా గోడ చేత చేయించి, మీరు మాత్రం ఏమీ ఎరగనట్టు పారుతూ ఉన్నారు.

మూడో దెబ్బ. మోకాళ్లెత్తు గడ్డిలోంచి కర్ర సరిగ్గా ఆడలేదు, బంతి పైకి లేవాల్సినంత లేవలేదు, వచ్చి మీ ఒళ్లో పడింది. ఏడింటిలో మీ వాటా అదొక్కటే కాదు. మీలోంచి బయటపడటానికి నాలుగోది పెనాల్టీగా కట్టించుకున్నారు.

ఆ తర్వాతి దృశ్యమే లోకమంతా చూసింది. బూట్లు విప్పాడు, మేజోళ్లు విప్పాడు, ప్యాంటు మోకాళ్ల దాకా మడిచాడు, గోడ దిగి మీలో నిలబడ్డాడు. నీళ్లలో ఉన్న బంతిని అక్కడినుంచే కొట్టేద్దామని ఆశ. నడుం మీద చేతులు పెట్టుకుని, తల వంచి, బంతి వంక చూస్తూ నిలుచున్నాడు. కప్పు మొత్తం ఆ చల్లటి నీళ్లలో పాదాల దగ్గర ఉంది. దిగకముందు కాస్త పైకి కనబడిన బంతి, ఇతను చూస్తుండగానే ఇంకా కిందికి జారింది. మీకు అంత తొందరేమొచ్చింది? ఒక్క నిమిషం ఆగలేకపోయారా? చివరికి బుద్ధి తెచ్చుకుని గట్టెక్కి, పెనాల్టీ కట్టి, బయట బంతి వేసుకుని అయిదో దెబ్బ కొడితే అది బంకర్ అనే ఇసక గుంటలో పడింది.

అదే బంకర్‌లో అతని జోడీ ఆటగాడు క్రెయిగ్ ప్యారీ బంతి కూడా ఉంది. ప్యారీ ఇసకలోంచి కొట్టిన బంతి నేరుగా గుంతలో పడింది. కాలం కలిసిరావడమంటే ఏమిటో అంత దగ్గరగా చూపించి ఏడిపించడం కూడా మీ కార్యక్రమంలో భాగమేనా? వాన్ డి వెల్డ్ మాత్రం ఆరో దెబ్బతో బయటికి తీసి, ఏడోది గురి తప్పకుండా వేసి పిడికిలి బిగించి ఊపాడు. జనం ఆ నీళ్లలోని కాళ్ల బొమ్మనే గుర్తుంచుకున్నారు, అంత టెన్షన్‌లో వేసిన ఆ ఆఖరి పట్‌ని (గుంతలోకి దొర్లించే దెబ్బని) ఎవరూ తలుచుకోరు. నా మట్టుకు నాకు ఆ రోజంతటిలో గొప్ప దెబ్బ అదే.

డ్రైవర్ తీయడం తెలివితక్కువ అని ఇంగ్లండు వ్యాఖ్యాతలు మొదలు ఇక్కడ మా సోఫాల మీది పండితుల దాకా అందరూ తీర్పు చెప్పేశారు. క్రికెట్ చూసి చూసి మాకూ ఈ జబ్బు ముదిరింది, ఓడినవాడి ప్రతి నిర్ణయమూ తప్పే మాకు. ఆ స్టాండు కడ్డీ నాలుగు వేళ్లు పక్కకి ఉండి ఉంటే ఇదే మనిషిని ధీరుడని, ఫ్రెంచి సింహమని పొగిడేవాళ్లం. డ్రైవర్ వల్ల అతనికి పోయింది ఏమీ లేదు, అది పొడి నేల మీదే పడింది. రెండోది దురదృష్టం. మూడోది ఒక్కటే అతని పొరపాటు అని నేనంటాను, పక్కకి కొట్టుకోవాల్సిన చోట ముందుకి కొట్టాడు. ఒక్క తప్పుకి ఈ శిక్షా?

ఏడు కొట్టడంతో ముగ్గురు సమానమయ్యారు. అమెరికా నుంచి జస్టిన్ లెనర్డ్, మీ ఇలాకాలోనే అబర్డీన్ కుర్రాడు పాల్ లారీ. లెనర్డ్ బంతినీ 18వ హోల్‌లో మీరు మింగారు, అతని ఖాతాలోనూ ఒక బోగీ (పార్ కంటే ఒక దెబ్బ ఎక్కువ) రాశారు. పక్షపాతం లేదని ఒప్పుకుంటున్నాను. లారీది వేరే కథ. ఆదివారం పొద్దున పది షాట్లు వెనక ఉన్నాడు. ర్యాంకు 159. క్వాలిఫయింగ్ ఆడి లోపలికొచ్చిన మనిషి. చివరి రోజు 67 కొట్టి, ఆట ముగించుకుని తన మానాన తను ఎదురు చూశాడు. సాయంత్రం వానలో సమానమైన ముగ్గురి మధ్య నాలుగు హోల్స్ ప్లేఆఫ్. చివరి రెండు హోల్స్‌లోనూ బర్డీలు (పార్ కంటే ఒక దెబ్బ తక్కువ) కొట్టి కప్పు పట్టుకెళ్లాడు. అందులో ఆఖరిది ఎక్కడనుకున్నారు? మీ దగ్గరే. ఫోర్ ఐరన్‌తో మిమ్మల్ని దాటించి గుంత పక్కనే దించాడు. మీరు ఏమీ చేయలేకపోయారు.

మేజర్ టోర్నీల (గోల్ఫ్‌లోని నాలుగు అతిపెద్ద పోటీల) చరిత్రలో చివరి రోజు పది షాట్లు వెనకనుంచి వచ్చి గెలిచినవాడు మరొకడు లేడు. ఆ తర్వాత స్కాట్లాండ్ వాడెవడూ ఈ కప్పు గెలవలేదు. అయినా 1999 ఓపెన్ అనగానే ఎవరికైనా కళ్లముందు కదిలేది మీలో నిలబడ్డ ఫ్రెంచి వాడి పిక్కలే. ఒక మనిషి కప్పు పోగొట్టారు, ఇంకో మనిషి గెలుపు కనబడకుండా చేశారు. ఈ రెండో నేరానికే నేను మిమ్మల్ని ఎక్కువ తప్పుపడతాను.

వాన్ డి వెల్డ్ కి మీ మీద కోపం కూడా లేదు. అదే సంవత్సరం చలికాలంలో తిరిగొచ్చి, ఒక ప్రచారం కోసం ఆ హోల్‌ని మొత్తం ఒక్క పటర్‌తోనే ఆడాడు. మూడో ప్రయత్నంలో ఆరు కొట్టి చూపించాడు! గడ్డిలో నెమ్మదిగా దొర్లించే కర్రతో కూడా గెలిచే స్కోరు వస్తుందని నవ్వుతూ నిరూపించాడు. మనిషి అలాంటివాడు. అలాంటివాణ్ని ముంచారు మీరు.

2007లో ఓపెన్ మళ్లీ మీ గుమ్మంలోకి వచ్చింది. ఐర్లండ్ ఆటగాడు పాడ్రైగ్ హారింగ్టన్ ఒక షాటు ఆధిక్యంతో 18వ హోల్‌కి వచ్చాడు. అతని మొదటి దెబ్బ మీ మీది చిన్న వంతెన ఎక్కింది. వంతెన మీద దొర్లుకుంటూ పోయింది, ఇక దాటేసింది అనుకున్నారు అంతా, టపీమని మీలోకి దిగింది. తర్వాత ఇంకోటి కూడా వేయించుకున్నారు. ఒకే హోల్‌లో రెండుసార్లు. అయినా అతను ఆరుతో బయటపడ్డాడు. వెనక వస్తున్నది ఎవరు? 1999లో అమ్మ భుజం మీద ఏడ్చిన సెర్జియో గార్సియా. మామూలుగా నాలుగు కొడితే కప్పు. ఆఖరి పట్ గుంత అంచున తిరిగి బయటికొచ్చింది, ప్లేఆఫ్‌లో హారింగ్టన్ గెలిచాడు. రెండుసార్లు మునిగినవాడు గెలిచాడు, ఒక్కసారీ మునగనివాడు ఓడాడు. మీ న్యాయశాస్త్రం నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

అందుచేత నా విన్నపాలు రెండు. ఒకటి, మీ ఒడ్డు మీద ఎక్కడైనా బోర్డు పెట్టే ఆలోచన ఉంటే ముందు పాల్ లారీ పేరు రాయించండి. మునిగినవాడి పేరు ఎలాగూ ఎవరూ మరిచిపోరు. రెండు, ఈసారి ఎవరి బంతైనా మిమ్మల్ని క్షేమంగా దాటిపోతే దాన్ని వెనక్కి పంపవద్దని మీ గోడకి గట్టిగా చెప్పండి. మీ మాట వింటుందని నాకు తెలుసు.

ఇట్లు,
మీ నీళ్లలో ఇంతవరకు బంతి వేయని,
ఇకముందు కూడా వేసే స్తోమత లేని
ఒక తెలుగు టీవీ ప్రేక్షకుడు.