ఆకాశానికి పచ్చకామెర్లు

డిస్కు కొన్నవాడు సినిమా చూస్తాడనుకోవడం అమాయకత్వం. సినిమా చూడటం పామరుల పని. పాత సినిమాను కొత్తగా శుభ్రం చేసి డిస్కుగా తెచ్చినప్పుడు దానిమీద తీర్పు చెప్పడానికి ఒక ప్రత్యేక వర్గం ఉంది. వారిని తీర్పరులు అందాం. వారి సేవలకు తగిన గుర్తింపు రాలేదన్న బాధతోనే ఈ నాలుగు మాటలు.

ఉదాహరణకు ఇటలీ దర్శకుడు సెర్జియో లియోనే తీసిన కౌబాయ్ సినిమా 'ది గుడ్, ది బ్యాడ్ అండ్ ది అగ్లీ'నే తీసుకోండి. 1966 డిసెంబరులో రోమ్‌లో విడుదలైనప్పుడు జనం టిక్కెట్లు కొన్నారు, రెండు లక్షల డాలర్ల బంగారం కోసం ముగ్గురు దుండగులు ఒకరినొకరు ముంచుకుంటుంటే నోరు తెరుచుకుని చూశారు, ఇళ్ళకు వెళ్ళి పడుకున్నారు. అంత మోటు కాలం అది. ఇప్పుడు పరిస్థితి మెరుగుపడింది. ఆ దుండగుల్లో ఒకడైన టుకో శ్మశానంలో పిచ్చెత్తినట్టు పరుగెడుతుంటాడు, ఎన్నియో మొరికోనే సంగీతం ఆకాశాన్ని అందుకుంటుంది, వెనకనున్న సమాధులు కరిగిపోయి గీతలవుతాయి. సరిగ్గా అక్కడ తీర్పరి పాజ్ నొక్కుతాడు. శబ్దం ముందే కట్టేసి ఉంటాడు. సంగీతం ఏకాగ్రతను చెడగొడుతుంది మరి. తెరకు జానెడు దూరంలో ముక్కు పెట్టి, ఒక శిలువ అంచున తెల్లటి గీత ఉందో లేదో చూస్తాడు. ఉంటే పదును మరీ ఎక్కువ పెట్టారు. లేకపోతే మసకబార్చారు. రెండింటికీ శిక్ష ఒకటే.

తర్వాతి అభియోగం గ్రెయిన్ గురించి, అంటే బొమ్మలో కనిపించే ఫిల్మ్ రేణువుల గురించి. ఈ సినిమాను టెక్నిస్కోప్ పద్ధతిలో తీశారు. మామూలు ఫ్రేము ఒక్కోటి ఫిల్మ్ అంచు రంధ్రాల్లో నాలుగింటి ఎత్తు తీసుకుంటే ఇందులో రెండు చాలు. సగం ఫిల్మ్‌తో సినిమా అయిపోతుంది, నిర్మాత జేబు బాగుంటుంది. ఆ బుల్లి ఫ్రేమును పెద్ద తెరకు సాగదీసేసరికి ఫిల్మ్‌లోని రేణువులన్నీ లేచి కూర్చుంటాయి. పైగా సాదా లెన్సులు వాడే పద్ధతి కాబట్టి కెమెరాను ముఖం మీదకు తీసుకెళ్ళినా ఇబ్బంది లేదు. చెమట, గడ్డం, రెప్పలు తెర నిండా పరుచుకునే ఆ క్లోజప్పుల్లో ఈ పొదుపుకు కూడా వాటా ఉంది. ఆ పొదుపు వల్ల పుట్టిన రేణువులనే ఈరోజు 4కె తెరమీది 83 లక్షల చుక్కల మధ్య లెక్కపెట్టుకుంటూ, ఒకటి తగ్గినా కళాహత్య జరిగిందని గుండెలు బాదుకుంటున్నాం.

అయితే 2009 నాటి బ్లూ-రే విషయంలో తీర్పరుల కోపం న్యాయమైనదే. అందులో రేణువుల్ని యంత్రంతో తుడిపించారు. ఎడారిలో నీళ్ళు లేక, పెదవులు పగిలి, చర్మం ఊడిపోతున్న బ్లాండీ పాత్రధారి క్లింట్ ఈస్ట్‌వుడ్‌కు ఫేస్‌క్రీమ్ ప్రకటనలో నటించడానికి పనికొచ్చే నునుపు వచ్చింది. ఆ ఎడారిలో అతన్ని నడిపించడానికి టుకో పడ్డ శ్రమంతా వృథా.

అసలు కేసు 2014లో మొదలైంది. ఇటలీలోని బొలోన్యా నగరంలో ఒక ప్రయోగశాల ఈ సినిమాను 4కెలో పునరుద్ధరించింది. ఆ ప్రతితో వచ్చిన డిస్కు పెట్టి చూస్తే ఆకాశం పసుపు, సున్నపు గోడలు పసుపు, గుర్రాలు పసుపు. పచ్చకామెర్లు వచ్చినవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందని పెద్దలన్నారు గానీ, లోకానికే కామెర్లు వచ్చి చూసేవాడు ఆరోగ్యంగా ఉంటే ఏం చేయాలో చెప్పలేదు. 2017లో కినో లార్బర్ సంస్థ రంగులు సరిదిద్ది మరో డిస్కు తెచ్చింది. 2021లో 4కె డిస్కు కూడా తెచ్చింది. పసుపు దిగిందని కొందరు, ఇంకా ఛాయలున్నాయని కొందరు, అసలు ఆ పసుపే బాగుండేదని కొత్తగా పుట్టుకొచ్చిన కొందరు. విచారణ సాగుతూనే ఉంది.

చిక్కేమిటంటే సాక్షులు లేరు. లియోనే 1989లో పోయాడు. ఛాయాగ్రాహకుడు టోనినో డెల్లి కొల్లి 2005లో పోయాడు. అయినా దర్శకుడి ఉద్దేశం ఏమిటో ప్రతి తీర్పరికీ క్షుణ్ణంగా తెలుసు. విచారిస్తే తేలేది ఒక్కటే: తాను మొట్టమొదట చూసిన కాపీ ఎలా ఉందో దర్శకుడి ఉద్దేశం అచ్చం అలాగే ఉంటుంది. అరిగిపోయిన క్యాసెట్‌లో చూసినవాడి లియోనే మసక లియోనే. టీవీలో రంగు బటన్ చివరిదాకా తిప్పుకుని చూసినవాడి లియోనేకు నారింజ రంగంటే ప్రాణం.

నిజానికి సినిమాలోనే ఒక సాక్ష్యం ఉంది. కథ అమెరికా అంతర్యుద్ధం నాటిది. టుకో, బ్లాండీ ఇద్దరూ దక్షిణాది సైనికుల దుస్తుల్లో బండి తోలుకుంటూ వస్తుంటారు. ఎదురుగా బూడిద రంగు దుస్తుల్లో ఒక దళం కనిపిస్తుంది. మనవాళ్ళేనని టుకో దక్షిణాదికి జై కొడతాడు, ఉత్తరాదిని తిట్టిపోస్తాడు. దళం దగ్గరకొచ్చి ఆగుతుంది. అధికారి చేతి తొడుగుతో తన చొక్కా చేయి మీద రెండు దెబ్బలు వేస్తాడు. దుమ్ము రాలుతుంది. కింద నీలం రంగు! వాళ్ళు ఉత్తరాది సైనికులు. టుకో ముఖం చూడాలి అప్పుడు. ఇద్దరూ నేరుగా ఖైదీల శిబిరానికి పోతారు. బూడిద రంగు బూడిదగా, నీలం నీలంగా కనిపించకపోతే ఆ హాస్యం చచ్చిపోతుంది. ఏ డిస్కు మంచిదో తేల్చడానికి ఈ కొద్ది క్షణాలు చాలు. కానీ తీర్పరికి అక్కరకు రావు. దుమ్ము రాలాలంటే పాజ్ తీయాలి.

శబ్దం విభాగంలో తీర్పరులు ఇంకా కఠినులు. మూల శబ్దమే కావాలంటారు. కోతకు గురైన సన్నివేశాలను 2003లో ఇంగ్లిష్ ప్రతిలో తిరిగి కలిపినప్పుడు డెబ్బై దాటిన ఈస్ట్‌వుడ్‌తో, టుకో వేషం వేసిన, ఎనభై దాటిన ఎలై వాలక్‌తో డబ్బింగ్ చెప్పించారు. మూడో దుండగుడిగా నటించిన లీ వాన్ క్లీఫ్ అప్పటికే లేడు, ఇంకెవరో గొంతు అరువిచ్చారు. ముప్పై ఆరేళ్ళ కుర్రాడు నోరు తెరిస్తే తాతయ్య పలుకుతాడు. తుపాకీ మోతలు కూడా మార్చేశారు. అది మాత్రం క్షమించరానిదే. ఇంతకీ మూల శబ్దం ఎక్కడుంది? షూటింగ్‌లో ఒకరు ఇంగ్లిష్‌లో, ఇంకొకరు ఇటాలియన్‌లో, ఎవరికి వచ్చిన భాషలో వారు మాట్లాడారు. గొంతులన్నీ తర్వాత అతికించినవే. పుట్టుకతోనే పెదవులకూ మాటలకూ పొత్తు కుదరని సినిమాకు శుద్ధ శబ్దం కోరే నిష్ఠ సామాన్యులకు అబ్బదు.

మన దగ్గర ఇలాంటి నిష్ఠ కరువు. ఈ ఇటాలియన్ కౌబాయ్‌ల స్ఫూర్తితో 1971లో వచ్చిన కృష్ణ సినిమా 'మోసగాళ్ళకు మోసగాడు'ను 2023 మే 31న ఆయన జయంతికి 4కెలో మళ్ళీ విడుదల చేశారు. గుర్రం మీద కృష్ణ కనిపించగానే ఈల వేయడానికి చేయి నోట్లోకి పోయే జనానికి రేణువుల సాంద్రత గురించి ఏం తెలుస్తుంది?

పరిష్కారం లేకపోలేదనే వారూ ఉన్నారు. పతాక సన్నివేశం కోసం స్పెయిన్‌లోని బుర్గోస్ ప్రాంతంలో సైనికుల చేత వేల సమాధులతో శాడ్ హిల్ శ్మశానం కట్టించారు. దశాబ్దాలపాటు మట్టి, గడ్డి కప్పేసిన ఆ చోటును 2015 నుంచి అభిమానులు పారలు పట్టి తవ్వి, మధ్యలోని రాతి వలయాన్ని మళ్ళీ బయటపెట్టారు. అక్కడికి వెళ్ళి తలెత్తి చూస్తే ఆకాశం రంగేమిటో తేలిపోతుంది కదా అని వీరి వాదన. తీర్పరులు ఒప్పుకోరు. ఆ ఆకాశాన్ని ఏ నెగటివ్ నుంచి తీశారో ధ్రువపత్రం ఉండాలి గదా!