సవరణ: ఏప్రిల్ 23న షేక్‌స్పియర్, సెర్వాంటెస్

"షేక్‌స్పియర్, సెర్వాంటెస్ ఇద్దరూ ఒకేరోజు, 1616 ఏప్రిల్ 23న కన్నుమూశారు" అని మొన్న ఏప్రిల్ 23 విశేషాల్లో రాశాను (సెర్వాంటెస్ అంటే 'డాన్ కిహోటే' రాసిన స్పెయిన్ రచయిత). తప్పు. తేదీ ఒకటే గానీ రోజు ఒకటి కాదు.

స్పెయిన్ 1582లోనే, ఇప్పుడు మనం వాడే గ్రెగోరియన్ క్యాలెండర్‌కు మారిపోయింది. ఆ ఏడు అక్కడ అక్టోబర్ 4 మర్నాడు ఏకంగా 15 వచ్చింది. ఇంగ్లండ్ మాత్రం 1752 దాకా పాత జూలియన్ లెక్కనే పట్టుకుని వేలాడింది. 1616 నాటికి రెంటికీ తేడా 10 రోజులు. అంటే షేక్‌స్పియర్ పోయిన నాడు స్పెయిన్‌లో మే 3. పైగా సెర్వాంటెస్ చనిపోయింది 22న అనీ, 23 ఆయన్ని ఖననం చేసిన తేదీ అనీ చరిత్రకారులు చెబుతారు. ఇంత చక్కగా కుదిరిందంటేనే నాకు అనుమానం రావాల్సింది!

షేక్‌స్పియర్ పుట్టిందీ ఏప్రిల్ 23నే అని అంతే ధీమాగా రాశాను. చర్చి రిజిస్టర్‌లో ఉన్నది 1564 ఏప్రిల్ 26న బాప్తిస్మం ఇచ్చినట్టు మాత్రమే. 23 అన్నది ఊహ.

అందులో అదే తేదీకి రాసిన మిగతావి, భౌతిక శాస్త్రవేత్త మాక్స్ ప్లాంక్ జననం (1858), సత్యజిత్ రాయ్ మరణం (1992) సరిగ్గానే ఉన్నాయి. యునెస్కో పుస్తక దినోత్సవం కూడా ఆ తేదీనే.