గేటు కింద జానెడు సందు

బెంగళూరులో బడి మైదానంలో కుక్కల గురించి అడిగితే ఒకటే జవాబు: "కార్పొరేషన్‌కి ఫోన్ చేశామండీ." చేస్తే చాలా? గేటు కింద జానెడు సందు అలాగే ఉంటే ఇవాళ ఒకదాన్ని పట్టుకెళ్తే రేపు ఇంకోటి దూరుతుంది. అది వచ్చేది అన్నం కోసం. బాక్సుల్లో మిగిలిన పెరుగన్నం, చిత్రాన్నం కుళాయి పక్కనే గుమ్మరిస్తారు, సాయంత్రం దాకా ఎత్తేవాళ్లుండరు. మూత బిగుసుకునే చెత్త డబ్బా, గేటు కింద ఇనుప పట్టీ, ఇంతేగా కావలసింది! బడులకు కంచె వేయమనీ, పట్టిన కుక్కల్ని మళ్లీ అక్కడే వదలొద్దనీ సుప్రీంకోర్టు 2025 నవంబరు 7నే చెప్పింది.

అంతకంటే కడుపు మండేది కరిచాక చేసే పని. పసుపు అద్ది, కట్టు కట్టి, "చిన్న గీతేలే" అని ఇంటికి పంపేస్తారు. రేబిస్‌కి చిన్న గీతని ఉండదు. సబ్బు రాసి, పారే నీటి కింద 15 నిమిషాలు కడగాలి. గడియారం చూసి మరీ. కట్టు వద్దు, పసుపు, కారం అసలే వద్దు. అదే రోజు మొదటి టీకా. కండరానికి వేసేదైతే 3, 7, 14, 28వ రోజుల్లో మిగతావి. రక్తం కనిపిస్తే గాయంలోకి, చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ (రేబిస్ వైరస్‌ని అక్కడికక్కడే అడ్డుకునే ఇంజెక్షన్) కూడా పడాలి. టీకా ఒక్కటే చాలదు, అది పనిచేయడానికి రోజులు పడుతుంది.

తిడతారన్న భయంతో కుక్క గీరిన సంగతే పిల్లలు దాచేస్తారు. "కుక్క గీరితే వెంటనే చెప్పండి, ఎవరూ తిట్టరు" అని పొద్దున ప్రార్థనప్పుడు కన్నడంలో ఒకసారి, తెలుగులో ఒకసారి చెప్పడానికి ఏం అడ్డం?