బిగించి జడ వేస్తే జుట్టు పెరగదు, ఊడుతుంది

జూన్‌లో బళ్లు తెరిచే వేళకి అమ్మల వాట్సాప్ గ్రూపుల్లో ఒక పొడుగాటి మెసేజ్ తిరగడం మొదలవుతుంది. "మీ పాప జుట్టు పల్చగా ఉందా? స్కూలుకి వెళ్లిన గంటకే చెదిరిపోతోందా?" అని అడిగి, వరసగా సలహాలు చెబుతుంది. సెలవుల్లో గుండు కొట్టించండి, ఒత్తుగా వస్తుంది. జడ ఎంత బిగిస్తే జుట్టు అంత పెరుగుతుంది. తల తడిగా ఉన్నప్పుడే అల్లండి, సాయంత్రం దాకా కదలదు. నూనె దండిగా పట్టించండి. బయోటిన్ అనే బి విటమిన్ కలిపిన జెల్లీ బిళ్లలు, అంటే గమ్మీలు, ఇవ్వండి. పేలు పడితే కిరోసిన్ రాయండి. ఫలితం కనబడకపోతే ఆపకుండా ఇంకో ఆరు నెలలు ఇవే చేయండి. చివర్లో, పదిమంది తల్లులకు పంపమని.

నేను ఎల్‌కేజీ, యూకేజీ పిల్లలకు చెప్పే టీచర్ని. ఈ సలహాలు పాటించిన తలలు రోజూ నా ఎదురుగా కూర్చుంటాయి. అందుకే ఒక్కో మాటకీ జవాబు రాస్తున్నాను.

ముందు గుండు సంగతి. మొక్కు ఉండి తిరుమల కల్యాణకట్టలోనో, ఇలవేల్పు గుడిలోనో తలనీలాలు ఇస్తే అది భక్తి. దాని జోలికి నేను పోను. జుట్టు ఒత్తుగా వస్తుందని కొట్టించడం మాత్రం ఉత్త నమ్మకం. తల మీది కుదుళ్లన్నీ బిడ్డ తల్లి కడుపులో ఉండగానే ఏర్పడతాయి, పుట్టాక కొత్తవి రావు. కత్తి కోసేది చర్మం పైన ఉన్న, ప్రాణం లేని వెంట్రుకని. కింద ఉన్న కుదురుకి ఆ సంగతే తెలియదు. 1928లోనే అమెరికా శాస్త్రవేత్త మిల్డ్రెడ్ ట్రాటర్ గొరగడం వల్ల వెంట్రుక మందమూ మారదు, పెరిగే వేగమూ మారదు అని పరీక్షించి రాశారు. 1970లో మరో పరిశోధనలో కొందరు మగవాళ్లకు ఒక కాలు మాత్రమే నెలల తరబడి గొరిగి, రెండో కాలితో పోల్చి చూశారు. తేడా లేదు.

మరి గుండు తరవాత ఒత్తుగా అనిపిస్తుందే అంటారు. ఎప్పుడూ కత్తిరించని వెంట్రుక కొస సన్నగా ఉంటుంది. గొరిగాక వచ్చే కొస మొద్దుగా ఉంటుంది కాబట్టి చేతికి గరుగ్గా తగులుతుంది. పైగా పసితనంలోని మెత్తటి జుట్టు వయసుతో పాటు దానంతటదే మందమవుతుంది. ఆ ఎదుగుదలని మనం గుండు ఖాతాలో రాసేస్తాం. జుట్టు పెరిగేది నెలకు సుమారు ఒక సెంటీమీటరు. గుండు తరవాత చిన్న పిలకకి అందాలన్నా నెలలు పడుతుంది. అన్నాళ్లూ క్లిప్పు నిలవదు, బ్యాండ్ ఆగదు. స్కూల్లో తల నీటుగా ఉండాలని కొట్టించిన గుండు వల్ల అంతకాలం తల అసలు మాట వినదు.

ఇక బిగించడం. ఈ మెసేజ్ రాసినవాళ్ల మీద నాకు నిజంగా కోపం వచ్చింది ఇక్కడే. "కుదుళ్లను లాగితే రక్తం బాగా ఆడి జుట్టు పెరుగుతుంది" అని రాశారు. లాగితే రక్తం ఎక్కువ రాదు. కుదురు దెబ్బ తింటుంది. 1907లోనే, గ్రీన్‌లాండ్‌లో జుట్టు గట్టిగా పైకి లాగి ముడి వేసుకునే ఆడవాళ్లకు కణతల దగ్గర, నుదుటి అంచున జుట్టు ఊడిపోవడం గమనించి రాశారు. దానికి ఇవాళ డాక్టర్లు వాడే పేరు ట్రాక్షన్ అలోపేసియా. తొలి రోజుల్లో లాగడం మానేస్తే జుట్టు మళ్లీ వస్తుంది. ఏళ్ల తరబడి అలాగే లాగుతూ పోతే ఆ చోట కుదుళ్లు మచ్చకట్టి, ఇక రాదు.

అది ఎలా మొదలవుతుందో క్లాసులో కళ్లారా చూస్తాను. రెండు జడలు వేసి, మడిచి, రిబ్బన్లు కట్టుకుని వచ్చిన పాప చెవి పైన చూడండి. ప్రతి వెంట్రుక మొదట్లోనూ చర్మం చిన్నగా పైకి లేచి ఉంటుంది. పాపిడి గీత ఎర్రగా కంది ఉంటుంది. కొందరికి కణతల దగ్గర సన్నటి గింజల్లాంటి పొక్కులు. కనుబొమలు పైకి లాగినట్టుంటాయి. అన్నాల టైముకి ఆ పాప చెయ్యి అస్తమానం చెవి మీదకే పోతుంది, మధ్యాహ్నం తానే రిబ్బన్ ఊడదీసుకుంటుంది. "నీటుగా లేదు" అని డైరీలో రాసి పంపితే, మర్నాడు ఇంకా బిగించి పంపుతారు. ఈ తప్పులో మా టీచర్లకీ వాటా ఉంది. నాలుగేళ్ల పిల్ల నుదుటి మీద పడిన నాలుగు వెంట్రుకలు డైరీకి ఎక్కాల్సినంత నేరం కాదు.

అసలు బిగించినా ఎందుకు నిలవదు? సన్నటి జుట్టు నున్నగా ఉంటుంది, ఒక వెంట్రుక మీద ఇంకోటి జారిపోతుంది. ముందు భాగంలో, మెడ మీద కొత్తగా మొలుస్తున్న పొట్టి వెంట్రుకలైతే జడ దాకా అందనే అందవు. అందని వాటిని ఎంత లాగినా ప్రయోజనం లేదు. జుట్టంతా ఒకే బ్యాండుకి అప్పగిస్తే అది జారగానే మొత్తం ఊడొస్తుంది.

కాబట్టి చేయాల్సింది జుట్టుని ఒక్కసారే కాకుండా కొంచెం కొంచెంగా తీసుకుని కట్టడం. పాపిడి తీసి, ముందు జుట్టుని చెవి పై వరకు విడిగా పట్టుకుని ఒక బుజ్జి పిలక కట్టండి. దాని కొసని వెనక వచ్చే రెండో పాయలో కలిపి ఇంకో పిలక. అలా రెండు మూడు కట్టుకుంటూ పోతే ముందు వెంట్రుకలు ఎక్కడివక్కడే ఆగుతాయి, ఏ ఒక్క చోటా లాగుడు ఉండదు. ఫ్రెంచ్ జడ అల్లడం వచ్చిన వాళ్లు వదులుగా అదే వేయొచ్చు. క్లిప్పు జారిపోతుంటే, పాయని ఒక మెలిక తిప్పి ఆ మెలిక మీద పెట్టండి, బాగా పట్టుకుంటుంది. బట్ట చుట్టిన సన్న బ్యాండ్లు వాడండి. రంగురంగుల చిన్న రబ్బర్లు వేస్తే సాయంత్రం లాగి తీయొద్దు, కత్తెరతో కత్తిరించి పారేయండి. లాగిన రబ్బరుతో పాటు వచ్చే వెంట్రుకలు మళ్లీ ఆ పొడుగుకి రావాలంటే నెలలు. మూడేళ్ల లోపు పిల్లలకి పూసలు, ఊడిపోయే బొమ్మలు ఉన్న క్లిప్పులు వద్దు. నోట్లో పెట్టుకుంటారు.

జడ అయ్యాక పాపని కళ్లు పెద్దవి చేయమనండి, కనుబొమలు పైకీ కిందకీ ఆడించమనండి. ఎక్కడైనా లాగుతోందంటే అక్కడ వదులు చేయండి. పాపిడి రోజూ ఒకే చోట తీయకండి, కాస్త పక్కకి జరపండి. ఇంటికి రాగానే జడలు విప్పేయండి. ఇవన్నీ తెల్లారి ఏడింటికి, పక్కన కుక్కర్ కూస్తుండగా కుదరవని అనిపిస్తే గడ్డం దాకా పొట్టిగా కత్తిరించి మెత్తటి హెయిర్ బ్యాండ్ పెట్టి పంపండి. చాలా స్కూళ్లు చిన్న తరగతుల్లో ఒప్పుకుంటాయి, ముందు ఒక మాట అడగండి చాలు. జుట్టు కత్తిరిస్తే ఏదో పోగొట్టుకున్నట్టు అమ్మమ్మలూ నానమ్మలూ బాధపడతారు. వాళ్ల మనసు నొప్పించకుండా చెప్పొచ్చు, ఎప్పుడు కావాలంటే అప్పుడు పెంచుకోవచ్చని.

తడి మీద అల్లితే కదలదన్న మాట సగం నిజం. ఆరే దాకా కదలదు. కానీ నీళ్లు పీల్చిన వెంట్రుక ఉబ్బి, బాగా సాగుతుంది, బలహీనంగా ఉంటుంది. అప్పుడు దువ్వెన పెట్టి గుంజితే సన్నటి జుట్టు పుటుక్కున తెగుతుంది. ఆ తెగిన ముక్కలే మర్నాటికి నిలబడి, "చెదిరిపోతోంది" అని మనకి టెన్షన్ పెట్టేవి. తలంటు స్కూలు రోజు పొద్దున కాకుండా ముందు రోజు సాయంత్రం పోస్తే సగం గొడవ తీరుతుంది. చిక్కు తీసేటప్పుడు పళ్లు దూరంగా ఉన్న దువ్వెనతో కొసల దగ్గర మొదలుపెట్టి పైకి రండి, పైభాగం గుప్పిట్లో పట్టుకుంటే పాపకి నొప్పి తెలియదు. లేచిన పొట్టి వెంట్రుకలని అణచడానికి అరచేతులు తడిచేసి నిమిరితే చాలు.

నూనె విషయంలో మన పెద్దవాళ్ల అలవాటు మంచిదే. కొబ్బరి నూనె వెంట్రుక లోపలికి ఇంకి, ఉతికేటప్పుడు, దువ్వేటప్పుడు ప్రొటీన్ పోకుండా కాపాడుతుందని 2003లో మన దేశపు పరిశోధకులే చూపించారు. పొద్దుతిరుగుడు నూనెకీ మినరల్ ఆయిల్‌కీ ఆ గుణం కనబడలేదు. అయితే అది ఉన్న జుట్టుని కాపాడటం, కొత్త జుట్టు మొలిపించడం కాదు. దండిగా పట్టిస్తే సన్నటి జుట్టు పాయలు పాయలుగా అతుక్కుని మాడు బయటపడుతుంది, పల్చగా ఉన్నది ఇంకా పల్చగా కనిపిస్తుంది. క్లిప్పు జారుతుంది. ఆటస్థలం దుమ్మంతా తలకే. నుదుటి మీదకి కారిన చోట కురుపులు. తలంటుకి ముందు నాలుగు చుక్కలు అరచేతుల్లో రుద్దుకుని కొసలకి రాస్తే సరిపోతుంది.

గమ్మీల మీద ఎక్కువ రాయను. మామూలుగా తినే పిల్లలకి బయోటిన్ లోపం చాలా అరుదు. మోతాదు ఎక్కువైతే థైరాయిడ్ లాంటి రక్త పరీక్షల్లో తప్పుడు ఫలితాలు వస్తాయని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017లో హెచ్చరించింది కూడా. మన పిల్లల్లో నిజంగా చూసుకోవాల్సింది రక్తహీనత. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో ఐదేళ్ల లోపు పిల్లల్లో 67 శాతం మందికి అది ఉంది. గమ్మీ డబ్బా డబ్బుతో గుడ్లు, పప్పు, ఆకుకూరలు కొనొచ్చు. పిల్ల పాలిపోయి, నీరసంగా ఉంటే హిమోగ్లోబిన్ పరీక్ష చేయించొచ్చు.

కిరోసిన్ దగ్గరికి వస్తే మాత్రం మెత్తగా చెప్పలేను. పిల్ల తలకి కిరోసిన్ రాయడం ప్రమాదం. పొయ్యి దగ్గరికో, దేవుడి దీపం దగ్గరికో వెళితే అంటుకుంటుంది. చర్మం మండి పొక్కుతుంది. గిన్నెలో మిగిలింది చిన్నది మంచినీళ్లనుకుని తాగితే ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణం మీదకి వస్తుంది. ఈ మెసేజ్ మీ గ్రూపులోకి వచ్చినప్పుడు మిగతావన్నీ వదిలేసినా ఈ ఒక్కదాని కింద "వద్దు" అని రాయండి.

పేలు మురికి వల్ల రావు. అవి ఎగరవు, దూకవు. తలకి తల ఆనినప్పుడు పాకుతాయి. ఒకే బొమ్మల పుస్తకం మీద ముగ్గురు వంగి చూస్తుంటే చాలు. పల్చటి జుట్టుకి పట్టవన్నది కూడా వట్టి మాట. డాక్టర్ని అడిగి పేలను చంపే ఒక శాతం పెర్మెత్రిన్ లోషన్ వాడొచ్చు. ఈపులు పగలడానికి వారం పైన పడుతుంది కాబట్టి, చెప్పిన రోజుకి రెండోసారి తప్పకుండా పట్టించాలి. చాలామంది ఆపేసేది ఇక్కడే. తడి తలకి కండిషనర్ పట్టించి పేల దువ్వెనతో కొద్ది రోజులకోసారి దువ్వితే ఇంకా మంచిది. ఇంట్లో అందరి తలలూ అదే రోజు చూడండి. మాకు చెప్పడానికి సిగ్గుపడకండి. చెబితే మిగతా అమ్మలకీ చెప్పి అందరూ ఒకేసారి చూసుకునేలా చేస్తాం, లేకపోతే ఒక తల మీద తగ్గినవి ఇంకో తల మీంచి మళ్లీ వస్తాయి.

చివరి సలహా, ఫలితం లేకపోయినా ఆరు నెలలు ఆపొద్దు అన్నది. జుట్టు పల్చగా ఉన్నా తలంతా సమంగా ఉండి, పిల్ల హాయిగా తింటూ ఆడుతూ ఉంటే ఆరు నెలలు కాదు, ఆరు రోజులు కూడా ఏ వైద్యమూ అక్కర్లేదు. కొన్ని గుర్తులు కనబడితే మాత్రం ఆరు రోజులు కూడా ఆగొద్దు. గుండ్రంగా ఒక చోట జుట్టు పోవడం, అక్కడ పొట్టు రాలడం, వెంట్రుకలు మొదట్లోనే తెగి నల్ల చుక్కల్లా కనబడటం, మెడ వెనక బిళ్లలు కట్టడం. ఇది తలకి వచ్చే తామర కావచ్చు. నూనెతో పోదు, ఒక్క పైపూతలతోనూ పోదు. డాక్టరు రాసిన నోటి మందు వారాల తరబడి వాడాలి. ఈలోగా ఆ పాప దువ్వెన, టోపీ, తువ్వాలు, దిండు ఇంట్లో ఎవరూ వాడకూడదు. చెల్లికీ అదే దువ్వెనతో తల దువ్వుతుంటే ఇవాళే వేరేది కొనండి.