మొరిగే కుక్క, తథాస్తు దేవతలు, ఒక వాట్సాప్ మెసేజ్

ఈ వారంలో ఇది నాలుగోసారి. మొదట డిగ్రీ బ్యాచ్ గ్రూపులో వచ్చింది, తర్వాత అపార్ట్‌మెంట్ గ్రూపులో, నిన్న మా పిన్ని పంపింది, ఇవాళ పొద్దున్నే మా స్టాఫ్‌రూమ్ గ్రూపులో కూడా ప్రత్యక్షమైంది. "మన పిల్లలు ఇంత బలహీనులెందుకయ్యారు? చదివి పది మందికి పంపండి" అని మొదలవుతుంది. చిన్నప్పుడు కష్టాలు పడ్డ పిల్లలు కాలేజీకొచ్చాక ఆత్మహత్య వైపు వెళ్లకుండా కాపాడే ఆరు సూత్రాలట. రాసిందెవరయ్యా అంటే "ఒక ప్రముఖ సైకాలజిస్టు". పేరు లేని ప్రముఖుడు. పదిహేనేళ్లుగా కాలేజీలో పాఠాలు చెప్పుకుంటున్నదాన్ని, ఇక ఊరుకోలేక రాస్తున్నా.

తేలికవి ముందు తేల్చేస్తా. ఆరో సూత్రం, రాగి చెంబులో నీళ్లు. తాగండి, దాహం తీరుతుంది. ఐదోది, ఫోన్ లాగేసుకోండి. రాత్రి రెండింటి దాకా రీల్స్ చూస్తే నిద్ర పాడవుతుంది, కాదనను. కానీ హాస్టల్లో ఎవరితోనూ కలవలేకపోతున్న పిల్లకి, ఊళ్లో ఉన్న ఒక్క స్నేహితురాలు దొరికేది ఆ ఫోన్లోనే.

మొదటి సూత్రం అందరికీ తెగ నచ్చినట్టుంది: "ఉలి దెబ్బలు తింటేనే రాయి శిల్పమవుతుంది. మమ్మల్ని బెల్టుతో కొట్టారు, మేమేమైనా చచ్చామా?" ఈ ప్రశ్నకి అవునని చెప్పాల్సినవాళ్లు గ్రూపులో ఉండరు కదండీ. ఉలి దెబ్బకి పగిలిన రాళ్లు కూడా గుళ్లో కనబడవు. అమెరికాలో 17 వేల మందికి పైగా పెద్దవాళ్లని, చిన్నతనంలో మీ ఇంట్లో ఏం జరిగిందని అడిగి, 2001లో ఫలితాలు ప్రచురించారు. కొట్టడం, లైంగిక వేధింపు, ఇంట్లో తాగుబోతు, తల్లిని కొట్టే తండ్రి, ఇలాంటి వాటిలో ఏ ఒక్కటి ఉన్నా తర్వాత ఆత్మహత్యాయత్నం చేసే ప్రమాదం రెండు నుంచి ఐదు రెట్లు పెరిగింది. ఒకదాని మీద ఒకటి పోగుపడితే ఇంకా ఎక్కువ. ప్రమాదం పెరగడమంటే నుదుటన రాసేసినట్టు కాదు. అలాంటి ఇళ్ల నుంచి వచ్చి చక్కగా బతుకుతున్నవాళ్లే ఎక్కువమంది. అయితే అది దెబ్బల పుణ్యం మాత్రం కాదు.

ఇక రెండు, మూడు. నా ఒళ్లు మండింది వీటికే. రెండోది: "మొరిగే కుక్క కరవదు. చస్తానని బెదిరించేవాళ్లు చావరు, అది అటెన్షన్ కోసం." మూడోది: "పైన తథాస్తు దేవతలుంటారు. ఆ మాట ఇంట్లో ఎత్తకండి. అడిగితే లేని ఆలోచన పుట్టించినవాళ్లవుతారు." రెండూ కలిపి చదవండి. చెబితే నమ్మొద్దు, చెప్పకపోతే అడగొద్దు. ఇంక మనం చేయగలిగింది పేపర్లో చదవడమే. 2022లో మన దేశంలో అలా పోయినవాళ్లు 13,044 మంది విద్యార్థులు, జాతీయ నేర గణాంకాల బ్యూరో లెక్క ప్రకారం. వీళ్లలో ముందే ఎవరో ఒకరి దగ్గర నోరు విప్పినవాళ్లు ఎంతమందో ఆ ప్రముఖ సైకాలజిస్టుకే తెలియాలి.

అడిగితే ఆలోచన పుడుతుందా? న్యూయార్క్ హైస్కూళ్లలో 2,342 మంది పిల్లలతో దీన్ని సూటిగా పరీక్షించి 2005లో ప్రచురించారు. సగం మందిని ఆత్మహత్య ఆలోచనల గురించి అడిగారు, సగం మందిని అడగలేదు. రెండ్రోజులాగి చూస్తే, అడిగినవాళ్లలో బాధేమీ పెరగలేదు. పైగా అప్పటికే డిప్రెషన్‌లో ఉన్నవాళ్లకి, అంతకుముందు ప్రయత్నించినవాళ్లకి కాస్త తగ్గినట్టే కనిపించింది. దేవతలు ఆ రోజు సెలవులో ఉన్నారేమో.

కాకపోతే మనకి అడగడం కూడా సరిగ్గా రాదు. "పిచ్చి ఆలోచనలేం లేవు కదా నాన్నా?" అంటాం. లేవనే జవాబు ప్రశ్నలోనే పెట్టి చేతికిస్తాం. నేనూ అదే చేశాను. రికార్డులు రాయడం మానేసిన ఒక అబ్బాయిని అలాగే అడిగాను, "లేవు మేడమ్" అన్నాడు, నా టెన్షన్ తీరిపోయింది. వారం తర్వాత మనసాగక, ల్యాబ్ బయట కూర్చోబెట్టి, "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని అదే మాటల్లో అడిగాను. చాలాసేపు నేల చూసి, "అనిపిస్తోంది మేడమ్" అన్నాడు. ఆ తర్వాత చిన్నప్పటివి చాలా చెప్పాడు. అవి ఇక్కడ రాయను. నేను చేసింది కూడా పెద్దగా ఏం లేదు. ఆ సాయంత్రం ఒంటరిగా వదల్లేదు, డాక్టర్ దగ్గరికి వెంట వెళ్లాను, తర్వాత వారానికోసారి "తిన్నావా" అని ఫోన్ చేశాను.

ఆ ఫోన్ చేయడం చిన్న పని అనుకునేదాన్ని. 2008లో వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ అధ్యయనం చదివాక అనుకోవట్లేదు. ఐదు దేశాల్లో, మన చెన్నైతో సహా, ఆత్మహత్యాయత్నం చేసి ఆసుపత్రికొచ్చిన 1,867 మందిని తీసుకున్నారు. సగం మందికి మామూలు వైద్యమే. మిగతావాళ్లతో అదనంగా ఓ గంట మాట్లాడి, ఏడాదిన్నర పాటు అప్పుడప్పుడూ ఫోన్ చేసో, వెళ్లి కలిసో ఎలా ఉన్నారని కనుక్కున్నారు. ఆ ఏడాదిన్నరలో మొదటి గుంపులో 18 మంది ఆత్మహత్యతో పోయారు, రెండో గుంపులో ఇద్దరు.

నాలుగో సూత్రం, దైవభక్తి, కుటుంబ బంధాలు. దీన్ని వెక్కిరిద్దామనే కూర్చున్నాను. కుదరలేదు. గుడికో చర్చికో మసీదుకో క్రమం తప్పకుండా వెళ్లేవాళ్లలో ఆత్మహత్యాయత్నాలు తక్కువని చాలా అధ్యయనాలు చెబుతున్నాయి. ఇంట్లోవాళ్లతో దగ్గరితనం కాపాడుతుందన్నదీ నిజమే. మా పిన్నికి ఈ ఒక్క పాయింట్ ఇచ్చేస్తున్నా. కానీ "కొన్నాళ్లు ఇంటికి పంపితే అదే సర్దుకుంటుంది" అనేముందు, ఆ గాయం తగిలింది ఎక్కడో కనుక్కోండి. ఆ ఇంట్లోనే అయితే ఎవరి దగ్గరికి పంపుతున్నట్టు? అలాంటి పిల్లలకి కాలేజీలోనే తనవాళ్లనిపించే మనిషి దొరకాలి. రూమ్మేటో, పేరు పెట్టి పిలిచే లెక్చరరో, అన్నం తినకపోతే గమనించే మెస్ ఆంటీయో.

విశాఖలో నీట్ కోచింగ్ తీసుకుంటూ చనిపోయిన పదిహేడేళ్ల అమ్మాయి కేసులో, 2025 జులైలో సుప్రీంకోర్టు, వంద మంది గానీ అంతకంటే ఎక్కువ గానీ విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో అర్హత ఉన్న కౌన్సెలర్ ఉండాలని చెప్పింది. నాకు తెలిసిన ఒక కాలేజీలో ఆ పని జియాలజీ సార్‌కి అదనపు బాధ్యతగా అప్పజెప్పారు. రాళ్లూ శిల్పాలూ ఆయన సబ్జెక్టే కదా మరి.

ఆ మెసేజ్ చివర్లో గులాబీ పూలు లెక్కపెట్టాను, తొమ్మిదున్నాయి. మనసు బాగోలేనప్పుడు పగలూ రాత్రీ తెలుగులో మాట్లాడే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలి మానస్ ఉచిత నంబరు 14416. ఆ ఐదు అంకెలకి మాత్రం చోటు సరిపోలేదు.